వైజాగ్ నుంచి డాలస్ ఎంత దూరం, ఎన్ని గంటలు? ఎవర్నీ అడక్కుండా మనమే లెక్క వేసుకునే పద్ధతి

విశాఖపట్నం నుంచి డాలస్ ఎంత దూరమో ఫోన్‌లో వెతికితే ఒక చోట 14,400 కిలోమీటర్లని వస్తుంది, ఇంకో చోట 16,000 దాటుతుంది. టికెట్ సైట్‌లోకి వెళ్తే ఒక వరసలో 25 గంటలు, దాని కిందే 38 గంటలు. అక్కడున్న అబ్బాయిని అడిగితే "పదహారు గంటలే నాన్నా" అంటాడు. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకరు భూగోళం మీద అతి దగ్గరి దారి చెబుతున్నారు, ఒకరు విమానాలు మారుతూ వెళ్లే దారి చెబుతున్నారు, అబ్బాయి పెద్ద ఫ్లైట్ ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకున్నాడు. ఈ అంకెలన్నీ ఎక్కణ్నుంచి వస్తాయో ఒకసారి పట్టుకుంటే ఏ రెండు ఎయిర్‌పోర్టుల మధ్యయినా కాగితం, పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటర్‌తో పావుగంటలో తేల్చేయొచ్చు. నేను డాలస్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. మన ఊళ్లో వీధికొకరైనా అక్కడ ఉంటారన్నది ఒక కారణం, వైజాగ్‌కీ డాలస్‌కీ మధ్య భూగోళం మీద ఒక విచిత్రం ఉందన్నది రెండోది. అది రెండో మెట్టులో చెబుతాను.

మొదటి మెట్టు: ఏ ఎయిర్‌పోర్టో ఖాయం చేసుకోండి

ఊరి పేరుతో లెక్క మొదలెట్టకండి, మూడక్షరాల కోడ్‌తో మొదలెట్టండి. మనది వీటీజెడ్. హైదరాబాద్ శంషాబాద్ హెచ్‌వైడీ. డాలస్‌లో పెద్ద ఎయిర్‌పోర్టు డీఎఫ్‌డబ్ల్యూ, ఊళ్లోనే ఉండే చిన్నది లవ్ ఫీల్డ్, దాని కోడ్ డీఏఎల్. మన అంతర్జాతీయ విమానాలు దిగేది డీఎఫ్‌డబ్ల్యూలోనే. ఇక్కడ ఒక మెలిక ఉంది. వాషింగ్టన్ దగ్గరుండే డల్లెస్ ఎయిర్‌పోర్టు కోడ్ ఐఏడీ. ఫోన్‌లో ఎవరైనా హడావిడిగా చెబితే డాలస్, డల్లెస్ ఒకలాగే వినబడతాయి, కానీ రెండింటి మధ్య దాదాపు 1,900 కిలోమీటర్లు ఉంది. న్యూయార్క్ అంటే జేఎఫ్‌కేనా, నది దాటి న్యూజెర్సీలో ఉన్న నెవార్క్‌నా అన్నది కూడా ముందే అడిగేయండి, కారు వేసుకుని వచ్చేవాళ్లకి ఆ తేడా బాగా తెలుస్తుంది.

తర్వాత అక్షాంశం, రేఖాంశం. గూగుల్ మ్యాప్‌లో రన్‌వే మీద వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు వస్తాయి. దశాంశం తర్వాత ఒక్క అంకె చాలు. వైజాగ్ ఉత్తరం 17.7, తూర్పు 83.2. డాలస్ ఉత్తరం 32.9, పడమర 97.0. హైదరాబాద్ 17.2, 78.4. దోహా 25.3, 51.6. సింగపూర్ 1.4, 104.0. శాన్ ఫ్రాన్సిస్కో ఉత్తరం 37.6, పడమర 122.4. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు నుంచి ఎగిరితే ఈ అంకెలేం పెద్దగా మారవు. ఇంత దూరపు లెక్కలో ముప్పై నలభై కిలోమీటర్ల తేడా రెండు మూడు నిమిషాల పని. మారేదల్లా గాజువాక వాళ్లు ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరాలన్నదే, దాని సంగతి చివర్లో.

రెండో మెట్టు: అతి దగ్గరి దారి ఎంతో కొలవండి

గోడ మీద వేలాడే ప్రపంచపటం మీద స్కేలు పెట్టి కొలిస్తే తప్పు వస్తుంది. గుండ్రటి భూమిని చదునుగా పరిచినప్పుడు ధ్రువాల దగ్గరి భాగమంతా సాగిపోతుంది, గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనబడుతుంది. ఆ పటంలో వైజాగ్ నుంచి డాలస్‌కి గీత గీస్తే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా అడ్డంగా పోతుంది. నిజంగా దగ్గరి దారి అది కాదు.

పిల్లల గ్లోబు ఉంటే తీయండి. కుట్టుమిషన్ దారం ముక్క తీసుకుని ఒక కొస వైజాగ్ మీద బొటనవేలితో నొక్కిపెట్టండి, రెండో కొస డాలస్ దగ్గర పట్టుకుని దారం వదులు లేకుండా లాగండి. దారం తనంతట తానే జారి దగ్గరి దారిలోకి వెళ్లిపోతుంది. ఈ రెండు ఊళ్ల విషయంలో అది ఎక్కడికి జారుతుందో చూడండి, సరిగ్గా పైకి, ఇరుసు కోసం పెట్టిన ఇనుప పుల్ల దగ్గరికి. అంటే ఉత్తర ధ్రువం మీదికి. ఆ పుల్ల అడ్డం వచ్చి దారం అటో ఇటో తప్పుకుంటుంది కూడా. ఇప్పుడు దారాన్ని స్కేలు మీద పెట్టండి. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు అయితే చుట్టుకొలత 94 సెంటీమీటర్ల చిల్లర, భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు, కాబట్టి ఒక సెంటీమీటరుకి దాదాపు 425 కిలోమీటర్లు. దారం 34 సెంటీమీటర్లకి కాస్త అటూ ఇటూగా వస్తుంది.

ఎందుకలా పైకి జారిందంటే, మన రేఖాంశం తూర్పు 83.2, వాళ్లది పడమర 97.0. రెండూ కూడండి, 180.2. అంటే డాలస్ దాదాపు సరిగ్గా మనకి అవతలి వైపు గీత మీద ఉంది. అలాంటప్పుడు దగ్గరి దారి ధ్రువం మీదుగానే ఉంటుంది, లెక్క కూడా చిన్నపిల్లల లెక్క అయిపోతుంది. ధ్రువం 90 డిగ్రీల దగ్గర ఉంది. వైజాగ్ నుంచి అక్కడికి 90లోంచి 17.7 తీసేస్తే 72.3 డిగ్రీలు. అక్కణ్నుంచి డాలస్‌కి దిగడానికి 90లోంచి 32.9 తీసేస్తే 57.1. మొత్తం 129.4 డిగ్రీలు. భూమ్మీద ఒక డిగ్రీ అంటే సుమారు 111.2 కిలోమీటర్లు, గుణిస్తే 14,390. భూమి ధ్రువాల దగ్గర కొంచెం అణిగి ఉంటుంది కాబట్టి కచ్చితంగా లెక్కేస్తే ఇంకో పది కిలోమీటర్లు కలుస్తుంది. 14,400 అనుకోండి, చాలు. శాన్ ఫ్రాన్సిస్కోకి కూడితే 205.6 వస్తుంది, 180 దాటింది. అంటే దగ్గరి దారి తూర్పు వైపు నుంచి, చైనా, రష్యా తూర్పు కొస, పసిఫిక్ మీదుగా ఉంటుందని గుర్తు. 180కి తక్కువ వస్తే, న్యూయార్క్‌లాగా, పడమటి వైపు నుంచి.

కూడితే 180 రాని మామూలు జంటలకి త్రికోణమితి కావాలి. భయపడకండి, ఇంటర్‌లో చదివిన సైన్, కాస్‌లే. కాలిక్యులేటర్‌ని అడ్డంగా తిప్పితే ఆ బటన్లు వస్తాయి, డిగ్రీల మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి. రెండు అక్షాంశాల సైన్‌లని గుణించి పక్కన రాయండి. రెండు అక్షాంశాల కాస్‌లనీ, రేఖాంశాల తేడా (ఒకటి తూర్పు, ఇంకోటి పడమర అయితే పైన చేసినట్టు కూడిక) కాస్‌నీ, మూడింటినీ గుణించి దాని కింద రాయండి. రెండూ కూడి, కాస్ ఇన్వర్స్ కొట్టండి. వచ్చిన డిగ్రీలని 111.2తో గుణించండి. వైజాగ్ నుంచి సింగపూర్ చేద్దాం. సైన్ 17.7 అంటే 0.304, సైన్ 1.4 అంటే 0.0244, లబ్ధం 0.0074. కాస్ 17.7 అంటే 0.9527, కాస్ 1.4 అంటే 0.9997, రేఖాంశాల తేడా 20.8, దాని కాస్ 0.9348, మూడింటి లబ్ధం 0.8903. కూడితే 0.8977. కాస్ ఇన్వర్స్ 26.1 డిగ్రీల చిల్లర. దూరం సుమారు 2,900 కిలోమీటర్లు. దక్షిణార్ధగోళంలో ఉన్న ఊరైతే, సిడ్నీలాంటివి, అక్షాంశానికి ముందు మైనస్ పెట్టడం మర్చిపోవద్దు.

ఇదంతా ఎవడు చేస్తాడు అనిపిస్తే కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్ తెరిచి, మౌస్ కుడి బటన్ నొక్కి, దూరం కొలిచే ఆప్షన్ తీసుకుని రెండు రన్‌వేలనీ క్లిక్ చేయండి, అది కూడా గుండ్రటి భూమి మీదే కొలుస్తుంది. గ్రేట్ సర్కిల్ మాపర్ అనే సైట్‌లో రెండు కోడ్‌లు కొడితే గీతతో సహా చూపిస్తుంది. అక్కడ మైళ్లు కనబడితే ఏ మైళ్లో చూడండి. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, విమానాల వాళ్లు వాడే నాటికల్ మైలు 1.852. ఒకటి అనుకుని ఇంకోదాంతో గుణిస్తే డాలస్ లెక్కలో రెండు వేల కిలోమీటర్ల తేడా వచ్చేస్తుంది.

మూడో మెట్టు: విమానం నిజంగా వెళ్లే దారిని ముక్కలుగా కూడండి

వైజాగ్ నుంచి డాలస్‌కి నేరుగా విమానం లేదు. కాబట్టి 14,400 అనేది మంచి అంకె, అంతే. మనం ఎక్కేది ముక్కల దారి. ప్రతి ముక్కకీ పైన చెప్పిన లెక్క వేసి కూడాలి.

వైజాగ్ నుంచి హైదరాబాద్ 510. హైదరాబాద్ నుంచి దోహా 2,910. దోహా నుంచి డాలస్ 12,745. మొత్తం 16,165. దుబాయ్ మీదుగా అయితే 510, 2,550, 12,915 కలిపి 15,975. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా, లుఫ్తాన్సా వాళ్లు 2024 జనవరిలో హైదరాబాద్ నుంచి మొదలుపెట్టిన దారిలో, 510, 7,115, 8,260 కలిపి 15,885.

ఈ మూడు మొత్తాల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కువ దానికీ తక్కువ దానికీ మధ్య 300 కిలోమీటర్లు కూడా లేదు, గాల్లో ఇరవై నిమిషాలు. మరి టికెట్ సైట్‌లో పది పన్నెండు గంటల తేడా ఎక్కడిది? అంతా నేల మీదే, ఎయిర్‌పోర్టు కుర్చీల్లో. దూరం చూసి దారి ఎంచుకోవద్దని నేను పదే పదే చెప్పేది ఇందుకే. "దుబాయ్ అయితే దగ్గర కదా" అనేది అమెరికా దాకా వెళ్లేవాళ్లకి పెద్ద కారణం కాదు.

ఇంకొకటి. హైదరాబాద్ వెళ్లి ఎక్కడం చుట్టూ తిరగడమని చాలామంది విసుక్కుంటారు. గల్ఫ్ వైపు వెళ్లేవాళ్లకి అది దాదాపు దారిలోనే ఉంది. వైజాగ్ నుంచి దోహాకి నేరుగా గీత గీసినా 3,370 కిలోమీటర్లు, హైదరాబాద్ మీదుగా 3,420. యాభై కిలోమీటర్ల చుట్టు. నష్టం దూరంలో లేదు, మారేటప్పుడు పోయే టైమ్‌లో ఉంది. అదే శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లేవాళ్లయితే సింగపూర్ మీదుగా 2,900కి 13,590 కలిపి 16,490, ఢిల్లీ మీదుగా 1,360కి 12,380 కలిపి 13,740. నేరుగా గీస్తే వచ్చేది 13,300. కాగితం మీద ఢిల్లీకి తిరుగులేదు. కాగితం మీద అని ఎందుకన్నానో తర్వాతి మెట్టులో చూడండి.

నాలుగో మెట్టు: గాలి, మూసిన ఆకాశాలు

శాన్ ఫ్రాన్సిస్కోకి ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి 2015 డిసెంబరులో నేరుగా మొదలుపెట్టింది. మొదట్లో అట్లాంటిక్ మీదుగా వెళ్లేవాళ్లు, దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దారి మార్చి పసిఫిక్ మీదుగా పంపారు, దాదాపు 15,300 కిలోమీటర్లు. 1,400 కిలోమీటర్లు పెరిగింది, ప్రయాణ సమయం మాత్రం తగ్గి పద్నాలుగున్నర గంటలకి వచ్చింది. కారణం గాలి. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి ఒక గాలి నది ప్రవహిస్తుంటుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో అది గంటకి 200 కిలోమీటర్లు కూడా దాటేస్తుంది. తూర్పుకి వెళ్తే వీపు మీద చెయ్యేసి తోస్తుంది, పడమరకి వెళ్తే ఎదురొస్తుంది. విమానం గాల్లో గంటకి 900 వేగంతో పోతున్నా, నేల మీద లెక్క చూస్తే ఒకసారి 1,050, ఇంకోసారి 780 అవుతుంది. సీటు ముందు స్క్రీన్‌లో గ్రౌండ్ స్పీడ్ అని కనబడేది ఇదే.

మూసిన ఆకాశాలు ఇంకో బాధ. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరప్ కంపెనీలకి రష్యా ఆకాశం మూసుకుపోయింది, ఎయిర్ ఇండియాకి తెరిచే ఉంది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ భారత విమానాలకి తన ఆకాశం మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా ఫ్లైట్లు కొన్ని చుట్టూ తిరిగి, ఇంధనం కోసం వియన్నాలాంటి చోట దిగాల్సి వచ్చింది. ఆకాశాలెప్పుడు మూస్తారో ఎప్పుడు తెరుస్తారో మనం చెప్పలేం కాబట్టి పోయినేడాది ఎవరో వెళ్లొచ్చిన టైమ్ పట్టుకుని ఈ ఏడాది ప్లాన్ వేయకండి. టిబెట్ మీదుగా కూడా విమానాలు వీలైనంత వరకు పోవు. లోపల గాలి ఒత్తిడి పడిపోతే వెంటనే కిందికి దిగాలి, కింద కొండలే అంత ఎత్తుంటే ఎక్కడికి దిగుతారు. వైజాగ్ నుంచి ధ్రువం వైపు మనం గీసిన అందమైన గీత సరిగ్గా అటే పోతుంది.

మామూలు రోజుల్లో కూడా దారులు సూటిగా ఉండవు, రద్దీ, వాతావరణం చూసుకుని వంకర్లు పోతాయి. పెద్ద ముక్కలకి మూడు నుంచి అయిదు శాతం కలుపుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

అయిదో మెట్టు: కిలోమీటర్లని గంటల్లోకి మార్చండి

నేను వాడే లెక్క ఇది. చిన్న విమానాలు, ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 లాంటివి అయితే దూరాన్ని 800తో భాగించి అరగంట కలపండి. పెద్ద విమానాలు, 777, 787, ఎయిర్‌బస్ 350 అయితే 850తో భాగించి అరగంట కలపండి. ఏటీఆర్ అంటే రెక్కల మీద పంకాలు తిరిగే బుల్లి విమానం, దాని వేగం గంటకి 500 దాకానే, దానికి 450తో భాగించండి. కలిపే ఆ అరగంట టాక్సీయింగ్‌కీ, అంటే గేటుకీ రన్‌వేకీ మధ్య నేల మీద నడవడానికీ, పైకెక్కి కిందికి దిగడానికీ. టికెట్ మీద రాసేది విమానం ఇక్కడి గేటు వదిలినప్పట్నుంచి అక్కడి గేటు చేరేదాకా, దాన్ని బ్లాక్ టైమ్ అంటారు, గాల్లో ఉన్న టైమ్ మాత్రమే కాదు. ఆలస్యాలు కనబడకుండా కంపెనీలు అందులో కాస్త ముందే కలిపి పెట్టుకుంటాయి కూడా, అందుకే ఆలస్యంగా లేచిన విమానం ఒక్కోసారి టైమ్‌కే దిగుతుంది.

దూరప్రయాణానికి చివరగా గాలి సర్దుబాటు. పడమర వైపు పెద్ద ముక్కకి ముప్పావు గంట నుంచి గంట కలపండి, తూర్పు వైపుకి అంతే తీసేయండి. నాలుగైదు గంటల ముక్కకి పావుగంట చాలు.

వేసి చూద్దాం. వైజాగ్ నుంచి హైదరాబాద్ 510ని 800తో భాగిస్తే 38 నిమిషాలు, అరగంట కలిపితే గంటా ఎనిమిది. టికెట్ మీద గంటంపావు దాకా ఉంటుంది, సరిపోయింది. సింగపూర్ 2,900కి నాలుగు గంటల చిల్లర. హైదరాబాద్ నుంచి దోహా 2,910, పడమర కాబట్టి పావుగంట కలిపితే నాలుగు గంటల ఇరవై నిమిషాల పైన. దోహా నుంచి డాలస్ 12,745ని 850తో భాగిస్తే పదిహేను గంటలు, అరగంట, ఆపైన గాలికి ముప్పావు గంట, మొత్తం పదహారుంపావు. అబ్బాయి చెప్పిన పదహారు గంటలు ఇక్కణ్నుంచి వచ్చింది. తిరుగు ప్రయాణం అదే దారిలో పద్నాలుగున్నర, పద్నాలుగుంముప్పావు.

ఈ లెక్క సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి ఫ్లైట్‌రాడార్ 24లోనో, ఫ్లైట్‌అవేర్‌లోనో ఆ ఫ్లైట్ నంబరు కొట్టి గత వారంలో అది నిజంగా ఎన్నింటికి లేచి ఎన్నింటికి దిగిందో చూడండి. షెడ్యూల్ కంటే ఈ చరిత్రని నేను ఎక్కువ నమ్ముతాను. ఏ దారిన పోయిందో గీత కూడా కనబడుతుంది. వారంలో నాలుగు రోజులు గంట ఆలస్యంగా దిగే ఫ్లైట్‌కి గంటన్నర కనెక్షన్ పెట్టుకుంటే టెన్షన్ తప్ప ఏం మిగలదు.

ఆరో మెట్టు: గడియారాల చిక్కు విప్పండి

ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి మా పెద్దమ్మ టికెట్ ఫోన్‌లో చూసి అడిగింది, "ఏటిరా, తెల్లారగట్ల ఎక్కి అదే రోజు తెల్లారగట్లే దిగిపోతున్నామా? రెండు గంటల్లో అమెరికా వచ్చేస్తాదేటి?" నవ్వొచ్చినా, ఆవిడ టికెట్‌ని సరిగ్గానే చదివింది. టికెట్ మీద బయల్దేరే టైమ్ బయల్దేరే ఊరిది, దిగే టైమ్ దిగే ఊరిది. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే అర్థం లేని అంకె వస్తుంది. "ఆ రెండు గంటలకీ పన్నెండున్నర కలుపుకో పెద్దమ్మా, అప్పుడు నిజం తెలుస్తుంది" అని చెప్పాను. "అయితే పూర్తిగా ఒక పూట పైనే కూర్చోవాలన్నమాట" అని మోకాళ్లు పట్టుకుంది.

పద్ధతి ఒకటే, అన్ని టైమ్‌లనీ మన టైమ్‌లోకి మార్చేయండి, ఆ తర్వాత తీసివేయండి. దోహాకి రెండున్నర గంటలు కలపాలి, దుబాయ్‌కి గంటన్నర. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది, తీసేయాలి. అమెరికాకి కాలాన్ని బట్టి మారుతుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా వాళ్లు గడియారం గంట ముందుకి జరుపుకుంటారు. ఆ రోజుల్లో డాలస్‌కి పదిన్నర గంటలు కలపాలి, చలికాలంలో పదకొండున్నర. న్యూయార్క్‌కి తొమ్మిదిన్నర, పదిన్నర. శాన్ ఫ్రాన్సిస్కోకి పన్నెండున్నర, పదమూడున్నర. అరిజోనాలో, అంటే ఫీనిక్స్ వాళ్లు, గడియారం కదపరు, ఏడాదంతా పన్నెండున్నరే.

మన దేశపు టైమ్ 82.5 డిగ్రీల రేఖాంశం మీద కట్టింది, అది కాకినాడ దగ్గర్నుంచి పోతుంది. వైజాగ్ 83.2 కాబట్టి మన గడియారానికీ మన సూర్యుడికీ మధ్య మూడు నిమిషాలే తేడా. డాలస్ మనకి సరిగ్గా 180 డిగ్రీల అవతల ఉంది కదా, గడియారం పదిన్నర అన్నా పదకొండున్నర అన్నా సూర్యుడి లెక్కలో మాత్రం పూర్తి పన్నెండు గంటలు. మనకి నడినెత్తి మీద ఎండ ఉన్నప్పుడు వాళ్లకి నడిరాత్రి. డాలస్ వెళ్లిన అమ్మానాన్నలు మొదటి వారం రాత్రి రెండింటికి లేచి టీ పెట్టుకునేది ఇందుకే, ఇంతకంటే ఎదురు ఊరు దొరకడం కష్టం.

ఏడో మెట్టు: గుమ్మం నుంచి గుమ్మం దాకా

ఇప్పుడు అన్నీ కలిపి ఒక ప్రయాణం కట్టి చూద్దాం. టైమ్‌లు ఉదాహరణకి అనుకున్నవి, వేసవి రోజులు. వైజాగ్‌లో రాత్రి 8 గంటలకి ఎక్కి 9:15కి హైదరాబాద్. అక్కడ తెల్లవారుజాము 3:50కి ఎక్కి అక్కడి టైమ్ 5:50కి దోహా. ఉదయం 8 గంటలకి మళ్లీ ఎక్కి డాలస్‌లో అక్కడి టైమ్ సాయంత్రం 4:20.

ఆఖరి 4:20కి పదిన్నర కలిపితే మన టైమ్ ఆ మర్నాడు తెల్లవారుజాము 2:50. మొదటి రోజు రాత్రి 8 నుంచి మూడో రోజు 2:50 దాకా అంటే 30 గంటల 50 నిమిషాలు. ముక్కలుగా కూడి సరిచూసుకోండి. విమానాల్లో గంటంపావు, నాలుగున్నర, పదహారు గంటల ఇరవై నిమిషాలు, మొత్తం 22 గంటల 5 నిమిషాలు. హైదరాబాద్‌లో ఆరు గంటల 35 నిమిషాలు, దోహాలో రెండు గంటల పది, మొత్తం ఎనిమిదింముప్పావు. రెండూ కలిస్తే 30:50 వచ్చింది. రాకపోతే ఎక్కడో టైమ్ జోన్ తప్పు కలిపారన్నమాట.

దీనికి ముందూ వెనకా ఉన్నది టికెట్ మీద ఉండదు. ఎంవీపీ కాలనీ నుంచి ఎన్‌ఏడీ దాటి ఎయిర్‌పోర్టుకి సాయంత్రం ట్రాఫిక్‌లో గంట వేసుకోండి, లోపల రెండు గంటలు. భోగాపురం నుంచి ఎగిరేటప్పుడు మధురవాడ వాళ్లు హాయిగా ఉంటారు, గాజువాక, కూర్మన్నపాలెం వాళ్లు ఊరంతా దాటాలి, అదనంగా గంట పెట్టుకోవాల్సిందే. అవతల డాలస్‌లో ఇమిగ్రేషన్, బ్యాగులు, కారు, ఇంకో రెండు గంటలు. మొత్తం 36 గంటలకి దగ్గరగా వచ్చింది. డెబ్భై ఏళ్ల మనిషికి ఈ అంకె చెప్పాలి, పదహారు గంటలని కాదు.

లేఓవర్, అంటే విమానం మారే చోట ఆగే టైమ్, ఎంత ఉండాలన్నది టికెట్ ఒకటా రెండా అన్నదాన్ని బట్టి ఉంటుంది. వైజాగ్ నుంచి డాలస్ దాకా ఒకే పీఎన్‌ఆర్ అయితే సాధారణంగా బ్యాగులు ఇక్కడిచ్చి అక్కడ తీసుకోవచ్చు, ముందు ఫ్లైట్ ఆలస్యమైతే తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత కంపెనీది. చవగ్గా వస్తుందని వైజాగ్–హైదరాబాద్ ముక్క విడిగా కొంటే శంషాబాద్‌లో బ్యాగులు తీసుకుని, బయటికొచ్చి, పైకెక్కి మళ్లీ చెక్-ఇన్ చేయాలి. అప్పుడు అయిదు గంటలకి తక్కువ పెట్టుకోవడం నాకు నచ్చదు. శంషాబాద్‌లో దేశీయ, అంతర్జాతీయ విమానాలు ఒకే టెర్మినల్‌లో ఉండటం మన అదృష్టం. ఢిల్లీలో టెర్మినల్ మారాల్సి వస్తే బస్సో క్యాబో ఎక్కాలి, ఇంకో గంట కలపండి. అమెరికాలో మళ్లీ మారేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. దేశంలో దిగిన మొదటి ఎయిర్‌పోర్టులోనే ఇమిగ్రేషన్, బ్యాగులు తీసుకుని మళ్లీ ఇవ్వడం, సెక్యూరిటీ, అన్నీ ఉంటాయి. అక్కడ మూడు గంటలు లేకపోతే ఆ టికెట్ వద్దు. అబుదాబిలో మాత్రం అమెరికా ఇమిగ్రేషన్ విమానం ఎక్కకముందే అయిపోతుంది, దిగాక లోకల్ ప్రయాణికుల్లా నడిచి వెళ్లిపోవచ్చు. కాబట్టి ఆ మూడు గంటల్లో కొంత అబుదాబి లేఓవర్‌లో పెట్టుకోవాలి.

టికెట్ సైట్‌లో వరసలు పోల్చేటప్పుడు నేను చూసే క్రమం ఇది. ముందు ఎన్నిసార్లు మారాలి, తర్వాత ఏ లేఓవర్ అయినా రెండు గంటలకి తక్కువ ఉందా, ఎనిమిదికి ఎక్కువ ఉందా, ఆ తర్వాత మొత్తం గంటలు, ఆఖరికి ధర. కిలోమీటర్లు అసలు చూడను.

అక్టోబరు, నవంబరు ప్రయాణాలకి వైజాగ్ వాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి, అవి తుపాను నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఎయిర్‌పోర్టు పైకప్పునే పీకేసింది. అంత కాకపోయినా గట్టి వాయుగుండం పట్టిందంటే మొదట రద్దయ్యేది చిన్న ముక్కలే, అంటే మన వైజాగ్–హైదరాబాద్ ఫ్లైట్. ఆ రెండు నెలల్లో టికెట్ రెండుగా కొంటే హైదరాబాద్‌కి ముందు రోజే చేరిపోండి. వందే భారత్‌లో సికింద్రాబాద్‌కి 699 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు, అక్కణ్నుంచి శంషాబాద్‌కి కారులో గంటకు పైనే. పొద్దున్నే బయల్దేరే ఆ రైలెక్కితే అర్ధరాత్రి దాటాక ఎగిరే విమానానికి తీరిగ్గా అందుకోవచ్చు. తుపాను గట్టిదైతే రైళ్లు కూడా ఆపేస్తారు కాబట్టి వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే కదలండి, తీరం దాటే రోజు దాకా ఆగకండి.